ముక్కులోంచి వేసే ట్యూబ్‌కి ముందు కొన చూడు

చి. అమ్మాయికి ఆశీస్సులు.

దవడ ఆపరేషన్‌కి మత్తిచ్చినప్పుడు, ఊపిరి కోసం ముక్కులోంచి శ్వాసనాళంలోకి ఏ ట్యూబ్ వేస్తే మంచిదని అడిగావు. చాలామంది ముందు బయటి వంపు చూస్తారు. నువ్వు ముందు కొన చూడు. వంపు సరిగ్గా లేకపోతే ఇబ్బంది సర్జన్‌కి, కొన గట్టిదైతే రక్తం కారేది రోగికి.

మామూలు పీవీసీ (ప్లాస్టిక్) ట్యూబ్ థియేటర్ చల్లదనానికి బిరుసెక్కి ఉంటుంది. దాని ఏటవాలు అంచు టర్బినేట్‌కి (ముక్కు లోపలి గోడ మీది ఎముక మడతకి) తగిలితే పొర చీలుతుంది. అదే ట్యూబ్‌ని కాసేపు గోరువెచ్చటి స్టెరైల్ సెలైన్‌లో ఉంచి, వేళ్లతో వంచి చూడు, తేడా నీకే తెలుస్తుంది. ముక్కు వెనక మలుపులో అదే వంగిపోతుంది. మరీ మెత్తబడనివ్వకు, నెట్టినా ముందుకు పోదు. ఓపికుంటే రబ్బరు క్యాథెటర్ (సన్నటి మెత్తటి గొట్టం) వెడల్పు చివరని ట్యూబ్ కొనకి తొడిగి పంపు. గొంతులో కనబడగానే క్యాథెటర్‌ని నోట్లోంచి లాగెయ్యి. పని పెరిగినా నాకు ఇష్టమైన పద్ధతి ఇదే, రక్తం తక్కువ పోతుంది.

పార్కర్ ట్యూబ్ కొన మెత్తగా, మధ్యకి ఒంగి ఉంటుంది. ఫైబర్ స్కోప్ (లోపల చూసే వంగే సన్నటి గొట్టం) మీదుగా దింపేటప్పుడు ఎరిటినాయిడ్ (స్వరతంత్రుల వెనక ఉండే చిన్న మృదులాస్థి) దగ్గర తట్టుకోవడం తక్కువ. మామూలు ట్యూబ్ అక్కడ ఆగితే తొయ్యకు. కాస్త వెనక్కి లాగి, గడియారానికి ఎదురు దిశలో పావు చుట్టు తిప్పి దింపు.

1975లో రింగ్, అడైర్, ఎల్విన్ వివరించిన రే (RAE, వాళ్ల పేర్ల మొదటి అక్షరాలు) ట్యూబ్‌లో ముక్కుకి వాడేది నుదుటి మీదుగా పైకి పోతుంది. నోరంతా సర్జన్‌కి ఖాళీ, ముక్కు రెక్క మీద ఒత్తిడీ తక్కువ. చిక్కల్లా దాని వంపు ఎక్కడుండాలో తయారీలోనే నిర్ణయమైపోవడం. సన్న సైజు తీసుకుంటే పొడవూ తగ్గుతుంది, పొడగరి మనిషిలో కఫ్ (ట్యూబ్ చివర గాలితో ఉబ్బే బుడగ) స్వరతంత్రుల దగ్గరే ఉండిపోవచ్చు. పొట్టివాళ్లలో ఒక ఊపిరితిత్తిలోకే దిగిపోవచ్చు. అందుకే తల అమర్చాక మళ్లీ రెండు వైపులా స్టెత్ పెట్టి విను. స్రావాలు లాగే సక్షన్ క్యాథెటర్ కూడా ఆ వంపు దగ్గర మొరాయిస్తుంది.

మెడ బాగా తిప్పే కేసులకి తీగచుట్ట ఉన్న ఆర్మర్డ్ ట్యూబ్ తీసుకో, సులువుగా మడతపడదు.

ఏది వేసినా ముందు ముక్కులో రక్తనాళాల్ని కుదించే జైలోమెటజోలిన్ చుక్కలు, తర్వాత జెల్లీ. గాలి బాగా ఆడే రంధ్రం ఎంచుకుని, పైకి కాకుండా ముక్కు అడుగు వెంటే నేరుగా పంపు. పుర్రె అడుగుభాగం విరిగిందని అనుమానమున్నా, రక్తం గడ్డకట్టే సమస్యున్నా ఈ దారి వద్దు. గొంతులో ట్యూబ్‌ని మెగిల్ ఫోర్సెప్స్‌తో (వంపు తిరిగిన పట్టకారుతో) పట్టుకునేటప్పుడు కఫ్‌ని తప్పించి పట్టుకో. అది చిరిగితే మళ్లీ ముక్కు దగ్గర్నుంచి మొదలెట్టాలి.