టెంటు కొనేముందు తలుపు తీయండి

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. పాత ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు కొన్నాను. పైన టెంటు, వెనక ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు బిగించి బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళ్లాలని ఉంది. ముందు ఏం కొనాలి?

జవాబు: ముందు ఏమీ కొనకండి. డ్రైవర్ తలుపు తీస్తే లోపలి అంచున పసుపు, తెలుపు స్టిక్కర్ కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో దాని మీదే ఉంటుంది. నా ట్రక్కుది 1,480. మేం నలుగురమే 600. టెంటు, దాన్ని బిగించే రాక్ కలిపి 230. నీళ్లు గ్యాలన్‌కి 8.3 పౌండ్లు, 20 గ్యాలన్లకి 166. అవి చాలవన్నట్టు మా ఆవిడ రాతి రోలు కూడా ఎక్కించింది! వెనక భాగం కుంగి, రాత్రి హెడ్‌లైట్లు రోడ్డు వదిలేసి ఆకాశం చూశాయి. గట్టి స్ప్రింగులు వేస్తే బండి లేస్తుంది గానీ స్టిక్కర్ మీద అంకె పెరగదు. లెక్క మిగిలితేనే టెంటు. ఫ్రిజ్‌కి మాత్రం వేరే బ్యాటరీ పెట్టుకోండి, పొద్దున్నే బండి స్టార్ట్ అవుతుందో లేదోనన్న టెన్షన్ ఉండదు.