బెర్రీల క్యాప్సూళ్లు వాడితే షుగర్ మాత్రలు మానేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 52. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు వేసుకుంటున్నాను. ఈమధ్య హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే పరీక్ష) 7.6 వచ్చింది. బెర్రీల్లోని సహజ పదార్థాలు షుగర్‌ను తగ్గిస్తాయని, వాటి సారంతో చేసిన క్యాప్సూళ్లు వాడితే మాత్రలు అక్కర్లేదని తెలిసినవాళ్లు చెబుతున్నారు. నిజమేనా? అసలు నేను బెర్రీలు తినొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: బెర్రీలు నిరభ్యంతరంగా తినండి. మాత్రలు మాత్రం మానకండి.

‘సహజం’ అన్న మాట దగ్గరే చాలామంది పొరబడుతుంటారు. మీరు వేసుకుంటున్న మెట్‌ఫార్మిన్ మూలాలూ ఒక మొక్కలోనే ఉన్నాయి. గలీగా అఫిసినాలిస్ అనే ఆ మొక్కలోని గలీగిన్ రక్తంలో గ్లూకోజును తగ్గిస్తుంది, కానీ విషప్రభావం ఎక్కువ. దానికి దగ్గరి రసాయనమైన మెట్‌ఫార్మిన్‌ను 1922లో తయారుచేశారు. షుగర్ రోగులకు అది పనిచేస్తుందని ఫ్రెంచ్ వైద్యుడు జాన్ స్టెర్న్ 1957లో ప్రకటించారు. ఎంత మోతాదు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నవి అప్పటినుంచి మనుషుల్లో పరీక్షిస్తూ తేల్చుకున్న విషయాలు. మీకు చెప్పిన క్యాప్సూల్‌కు ఆ చరిత్ర లేదు.

అలాగని బెర్రీల గురించి విన్నదంతా కట్టుకథ కాదు. వాటికి ఎరుపు, నీలం, ఊదా రంగులనిచ్చేవి ఆంథోసయనిన్లు. పిండిపదార్థాలను గ్లూకోజుగా విడగొట్టే ఎంజైములను ఇవి నెమ్మదింపజేస్తాయని ప్రయోగశాలల్లో గమనించారు. అకార్బోజ్ అనే షుగర్ మాత్ర చేసేదీ ఇదే పని. అయితే పరీక్షనాళికలో పోసినంత గాఢత మన పేగుల్లో ఉండదు. తిన్న ఆంథోసయనిన్లలో ఉన్నవి ఉన్నట్టుగా రక్తంలోకి చేరేది చాలా కొద్ది. మిగిలినవాటిలో చాలా భాగాన్ని పెద్దపేగులోని బ్యాక్టీరియా వేరే పదార్థాలుగా మార్చేస్తుంది. మేలు చేసేవి బహుశా ఆ మారిన పదార్థాలే కావచ్చు.

మనుషుల మీద జరిగిన పరీక్షల్లో 2010 నాటిది ఒకటి తరచూ ప్రస్తావనకు వస్తుంది. ఊబకాయం, ఇన్సులిన్ నిరోధకత (ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం) ఉన్న 32 మందిలో కొందరికి రోజూ 45 గ్రాముల బ్లూబెర్రీ పొడి కలిపిన పానీయం, మిగతావారికి అది లేని పానీయం ఆరు వారాలు ఇచ్చారు. పొడి తీసుకున్నవారిలో ఇన్సులిన్ పనితీరు ఎక్కువగా మెరుగుపడింది. బాగానే ఉంది, కానీ వారెవరికీ షుగర్ లేదు! పైగా 45 గ్రాముల పొడి అంటే రోజూ దాదాపు రెండు కప్పుల తాజా పండ్లు. చిన్న క్యాప్సూల్‌లో అంత ఎలా పడుతుంది?

2013లో అమెరికాలో సుమారు 1,87,000 మంది ఆహారపు అలవాట్లను విశ్లేషించినప్పుడు, వారానికి మూడుసార్లు బ్లూబెర్రీలు తినేవారికి టైప్‌-2 మధుమేహం ముప్పు 26 శాతం తక్కువగా కనిపించింది. పండ్ల రసం తాగేవారిలో ముప్పు కాస్త పెరిగింది. ఇది జబ్బు రాకముందు సంగతి, అదీ గమనించిన సంబంధమే తప్ప చికిత్స ఫలితం కాదు. అయినా రసం కన్నా పండు మేలన్న మాట మీకూ వర్తిస్తుంది.

నా దృష్టిలో బెర్రీల అసలు బలం వాటిలో చక్కెర తక్కువ, పీచు ఎక్కువ కావడం. వంద గ్రాముల రాస్ప్‌బెర్రీల్లో చక్కెర నాలుగున్నర గ్రాములకు మించదు, పీచు ఆరు గ్రాములకు పైనే. స్ట్రాబెర్రీల్లో చక్కెర సుమారు 5 గ్రాములు, బ్లూబెర్రీల్లో 10. రోజుకు ఒక చిన్న కప్పు చాలు. అదీ ఉన్న తిండికి అదనంగా కాదు, మీరు తినే ఏదో ఒక తీపికి బదులుగా. తాజావి దొరకకపోతే చక్కెర కలపని ఫ్రోజెన్ పండ్లూ మంచివే. జామ్, ఎండబెట్టి తీపి పట్టించిన క్రాన్‌బెర్రీలు వద్దు. తినేముందు ఒకసారి, రెండు గంటల తర్వాత ఒకసారి గ్లూకోమీటర్‌తో చూసుకుంటే మీ ఒంటికి ఎంత సరిపడుతుందో తెలిసిపోతుంది.

ఇక 7.6 సంగతి. మీ వయసులో చాలామందికి 7 లోపు ఉండాలంటాం. మీ మెట్‌ఫార్మిన్ మోతాదు ఇంకా పెంచడానికి వీలున్నదే. మూత్రపిండాల పరీక్ష చూసి మీ డాక్టరు నిర్ణయిస్తారు. క్యాప్సూళ్లు ఇప్పటికే కొని ఉంటే సీసాను వెంట తీసుకెళ్లండి. రక్తం పలుచబడే వార్ఫరిన్ వంటి మందులు వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి. షుగర్ వచ్చి ఆరేళ్లయింది కాబట్టి, ఏడాదిగా కంటి రెటీనా పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష చేయించుకోకపోతే అదే రోజు అడగండి.