మందు ముట్టని కుర్రాడికి లివర్ క్యాన్సరా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా తమ్ముడికి 23 ఏళ్ళు, బ్యాంకు పరీక్షలకి చదువుతున్నాడు. కొన్ని నెలలుగా పొట్ట పైభాగంలో నొప్పి, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోవడం. గ్యాస్ అనుకుని మాత్రలు వేయించాం. బరువు తగ్గుతున్నాడని స్కాన్ తీయిస్తే లివర్‌లో ఎడమ పక్క 9 సెంటీమీటర్ల గడ్డ ఉంది. ఎంఆర్ఐ చూసి ఒక డాక్టరు ఎఫ్‌ఎన్‌హెచ్ అనే మామూలు గడ్డ కావచ్చన్నారు. ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష నార్మల్. ఇంకోచోట బయాప్సీ చేస్తే ఫైబ్రోలామెల్లర్ కార్సినోమా అనే లివర్ క్యాన్సర్ అని వచ్చింది. వాడు మందు ముట్టడు, హెపటైటిస్ లేదు. రిపోర్టు తప్పయి ఉంటుందా? సూది గుచ్చితే పాకుతుందని బాబాయి పసరు మందుకి తీసుకెళ్దామంటున్నాడు. ఆపరేషనా, కీమోనా? ఇది నాకూ వస్తుందా?
– ఒక అక్క, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఏఎఫ్‌పీ సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ జబ్బులో చాలామందికి ఆలస్యం జరిగేది అక్కడే. మామూలు లివర్ క్యాన్సర్లో చాలాసార్లు ఆ రక్తపరీక్ష పెరుగుతుంది, ఫైబ్రోలామెల్లర్‌లో మాత్రం ఎక్కువమందికి నార్మల్‌గానే ఉంటుంది. కాబట్టి ఏఎఫ్‌పీ బాగుందని ఊపిరి పీల్చుకోవద్దు. లివర్ క్యాన్సర్లన్నిటిలో ఇది ఒక శాతం లోపే, వచ్చేది కూడా ఎక్కువగా మీ తమ్ముడి వయసు వాళ్ళకే, అదీ తాగుడూ, లివర్ గట్టిపడే సిర్రోసిస్సూ, హెపటైటిస్సూ ఏవీ లేని లివర్‌లో.

అలాంటప్పుడు ఎందుకొచ్చింది అంటారు. 2014లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ వాళ్ళు ఈ గడ్డ కణాల్లో డీఎన్ఏజేబీ1, పీఆర్‌కేఏసీఏ అనే రెండు జీన్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయని కనిపెట్టారు. ఆ పరిశోధనలో పనిచేసిన ఎలానా సైమన్‌కి 12 ఏళ్ళప్పుడు ఇదే క్యాన్సర్ వచ్చింది. ఆ అతుకు పుట్టుకతో వచ్చేది కాదు, లివర్‌లో ఏదో ఒక కణంలో తర్వాత జరిగేది. మీ తమ్ముడు చేసిన తప్పేమీ లేదు, ఆ మాట వాడికి మీరే చెప్పండి. తమ్ముడికొచ్చిందని మీరు పరీక్షలు చేయించుకోనక్కర్లేదు.

మొదటి డాక్టరు పొరబడ్డారని కోప్పడకండి. ఎఫ్‌ఎన్‌హెచ్‌లోనూ ఇందులోనూ గడ్డ మధ్యలో మచ్చ కనిపిస్తుంది. మచ్చలో కాల్షియం ఉండటం, ఎంఆర్ఐలో టీ2 అనే ఫిల్ములో మచ్చ నల్లగా కనపడటం ఈ క్యాన్సర్ అన్న అనుమానం పెంచుతాయి. అలా తేలనప్పుడు బయాప్సీ చెయ్యాల్సిందే. సూది దారిలో పాకడం అసలు ఉండదని అనను గానీ చాలా అరుదు, దానికి భయపడి నిర్ధారణ మానుకుంటే అంతకన్నా ఎక్కువ నష్టం. మైక్రోస్కోపు కింద ఈ గడ్డ చూస్తే పెద్ద పెద్ద గులాబీ రంగు కణాలు, వాటి మధ్య పొరలు పొరలుగా నార కనిపిస్తాయి. నమ్మకం కుదరకపోతే బయాప్సీ ముక్క దాచిన బ్లాకులూ స్లైడ్లూ ల్యాబ్ నుంచి అడిగి తీసుకుని ముంబై టాటా మెమోరియల్ లాంటి పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో ఇంకోసారి చూపించండి. ఆ ముక్క మీద ఈ క్యాన్సర్‌ని గుర్తుపట్టే సీకే7, సీడీ68 పరీక్షలు చేశారో లేదో అడగండి, వీలైతే ఆ జీన్ల అతుకు పరీక్ష కూడా.

పసరు మందు మాత్రం వద్దమ్మా. బాబాయి ప్రేమతోనే అంటున్నారు, తెలుసు. కానీ ఆ ఆకుల్లో కొన్ని లివర్‌నే పాడు చేస్తాయి, అక్కడ పోయిన నెలలు తిరిగి రావు.

అసలు వైద్యం ఆపరేషనే. గడ్డ మొత్తం, దాంతోపాటు చుట్టుపక్కల లింఫ్ గ్రంథులూ తీసెయ్యాలి, ఎందుకంటే ఈ జబ్బు గ్రంథులకి పాకడం ఎక్కువ. 9 సెంటీమీటర్లని బెంబేలు పడకండి. మీ తమ్ముడి మిగతా లివర్ ఆరోగ్యంగా ఉంది, అలాంటి లివర్‌లో సుమారు 30 శాతం మిగిల్చినా సరిపోతుంది, అది మళ్ళీ పెరుగుతుంది కూడా. తీయడం కుదరనంత పెద్దదై, లివర్ దాటి పాకకుండా ఉంటే కొందరికి లివర్ మార్పిడి ఆలోచిస్తారు. కీమోకి ఇదీ అని ఖాయమైన మందు ఇంకా లేదు. ఆపరేషన్ కుదరనివాళ్ళలో కొందరికి 5-ఎఫ్‌యూ, ఇంటర్‌ఫెరాన్, నివోలుమాబ్ అనే మూడు మందులు కలిపి ఇస్తే గడ్డ తగ్గింది, కానీ తీయగలిగిన గడ్డని వదిలి ముందు కీమో అంటే ఎందుకని గట్టిగా అడగండి. లివర్ ఆపరేషన్లు రోజూ చేసే సర్జన్ దగ్గరికే వెళ్ళండి. ఖర్చు టెన్షన్ ఉంటే, ఆ ఆసుపత్రి ఆరోగ్యశ్రీలో ఉందేమో కనుక్కుని అక్కడి ఆరోగ్యమిత్రని కలవండి.

దాచకుండా చెప్తున్నా, ఇది తిరిగొచ్చే జబ్బు. అందుకే ఆపరేషన్ తర్వాత మొదటి రెండేళ్ళు మూణ్ణాలుగు నెలలకోసారి పొట్టకీ ఛాతీకీ స్కాన్ తప్పదు. మళ్ళీ వచ్చినా, తీయగలిగే చోట ఉంటే మళ్ళీ ఆపరేషన్ చేస్తారు, అలా ఏళ్ళ తరబడి బతుకుతున్నవాళ్ళున్నారు.

ఇంకొక్కటి, ఇది ఇంట్లో అందరికీ తెలియాలి. ఆపరేషన్‌కి ముందైనా తర్వాతైనా తమ్ముడు మత్తుగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, ఫోన్‌లో అక్షరాలు కొట్టలేక తడబడినా, నీరసం అనుకుని పడుకోబెట్టకండి. ఈ క్యాన్సర్లో లివర్ పరీక్షలన్నీ బాగున్నా మెదడుని దెబ్బతీసే అమోనియా రక్తంలో పెరిగిపోవచ్చు, అది ప్రాణాంతకం. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళి, బయాప్సీ రిపోర్టు చేతికిచ్చి, అమోనియా చూడమని మీరే అడగండి. విరేచనమయ్యే లాక్టులోజ్ సిరప్ ఒక్కటే చాలకపోవచ్చు, అమోనియాని తగ్గించే సోడియం బెంజోయేట్ లాంటి మందులు వేరే ఉన్నాయి.