బాష్పోత్సేకంలో ఒత్తు ‘భా’ లేదు

సందేహం: మా బడి పిల్లలతో మొక్కకు పాలిథిన్ సంచి కట్టించి, లోపల చేరిన నీటి చుక్కలను చూపించాను. ప్రయోగం పేరును సగంమంది ‘భాష్పోత్సేకం’ అనీ, మిగతావారు ‘బాష్పోత్సేకం’ అనీ రాశారు. ఏది సరైనది? ‘బాష్పీభవనం అన్నా ఇదే కదా?’ అని ఒక పిల్లవాడు అడిగితే వెంటనే చెప్పలేకపోయాను. - ఒక ఉపాధ్యాయిని

సమాధానం: ‘బాష్పోత్సేకం’ సరైనది. బాష్పం సంస్కృత పదం. దానికి ఆవిరి అనీ కన్నీరు అనీ అర్థాలున్నాయి. ‘ఆనందబాష్పాలు’ అనే మాటలో ఉన్నది ఇదే. సంస్కృతంలో దీనికి ‘వాష్పం’ అనే రూపం కూడా ఉంది. హిందీవారి ‘వాష్పోత్సర్జన్’ ఆ రూపంతో ఏర్పడింది. బ, వ ఒకదాని చోట ఒకటి రావడం మామూలే గాని, ఇక్కడ ఒత్తు భకారానికి చోటు లేదు. భాష, భాషణం రాసి రాసి అలవాటైన చేయి ఇక్కడా ఒత్తు పెట్టేస్తుందని నా అభిప్రాయం.

ఇక ఆ పిల్లవాడి ప్రశ్న చాలా మంచి ప్రశ్న. బాష్పీభవనం అంటే బాష్పం కానిది బాష్పం కావడం. అంతకుముందు అలా లేనిది అలా మారడాన్ని చెప్పే ‘చ్వి’ అనే ప్రత్యయం వల్ల ఆ ‘ఈ’ కారం వచ్చింది. ఘనీభవనం, ద్రవీభవనం కూడా ఇలాంటివే. ఇది జరగడానికి మొక్క అక్కరలేదు. చెరువులో, ఆరేసిన బట్టలో, కుండీలోని తడిమట్టిలో కూడా జరుగుతుంది.

బాష్పోత్సేకం మొక్క ఉంటేనే జరుగుతుంది. బాష్ప, ఉత్సేక పదాలు గుణసంధితో కలిశాయి. ఉత్సేకంలోని ధాతువు ‘సిచ్’, అంటే తడపడం, చిలకరించడం. అభిషేకం, సేచనం ఆ ధాతువునుంచి పుట్టినవే. ‘ఉత్’ అంటే పైకి. కాబట్టి ఉత్సేకం అంటే పైకి పొంగడం. మనసు పొంగితే గర్వం కనుక నిఘంటువులు ఆ అర్థాన్నీ ఇస్తాయి. ఆకు లోపలి తడి కణాల మీద నీరు ఆవిరి కావడం బాష్పీభవనమే. ఆ ఆవిరి ముఖ్యంగా పత్రరంధ్రాల గుండా బయటపడడంతో కలిపి మొత్తాన్ని బాష్పోత్సేకం అంటాం.

మీ ప్రయోగంలో ఈ తేడా కళ్లకు కడుతుంది. సంచిని కుండీతో సహా కప్పారనుకోండి, ఆ చుక్కల్లో మట్టి నుంచి వచ్చినవెన్నో ఆకుల నుంచి వచ్చినవెన్నో తెలియదు. కుండీ మూతిని మరో పాలిథిన్ ముక్కతో కాండం చుట్టూ బిగించి కట్టి, ఆకులున్న భాగానికే సంచి తొడగాలి. అప్పుడే ఆ చుక్కలను బాష్పోత్సేకం ఖాతాలో రాయగలం. ఇంగ్లండుకు చెందిన శాస్త్రవేత్త స్టీఫెన్ హేల్స్ కుండీలోని పొద్దుతిరుగుడు మొక్క కోల్పోయే నీటిని తూకం వేసి లెక్కగట్టాడు. మట్టి తేమ లెక్కలో కలవకుండా కుండీని పలుచని సీసపు రేకుతో మూశాడు. 1727లో అచ్చయిన తన పుస్తకంలో మొక్క ఇలా నీరు కోల్పోవడానికి ఆయన వాడిన ఇంగ్లీషు మాటకు అర్థం చెమట పట్టడం!

కోసిన కొమ్మను నీళ్ల గొట్టానికి అమర్చే పరికరం పొటోమీటర్. దానితో పిల్లలు చూసేది మరొకటి. గొట్టంలో గాలి బుడగ జరిగిన దూరం కొమ్మ పీల్చుకున్న నీటిని చెబుతుంది, విడిచిన నీటిని కాదు. చాలావరకు రెండూ దగ్గరగానే ఉంటాయి గాని ఒకటి కావు. ‘పొటో’ గ్రీకులో తాగడానికి సంబంధించిన మాట, మన ‘పానం’లోని ‘పా’ ధాతువుకు చుట్టమే. అందుకే ‘మొక్క ఇంత నీరు తాగింది’ అని పిల్లలు రాస్తే దాన్ని కొట్టేసి ‘శోషించింది’ అని దిద్దకండి. శోషకు అసలు అర్థం ఎండిపోవడం. ‘శోష వచ్చి పడిపోయాడు’ అనే మాటలో ఆ జాడ ఇంకా ఉంది.

తెల్లవారుజామున వరి ఆకుల కొసన నిలిచే చుక్కలను కూడా బాష్పోత్సేకమే అనుకుంటారు, లేదా మంచు అనుకుంటారు. వాటిలో చాలావరకు వేళ్ల ఒత్తిడితో ఆకు అంచుల్లోంచి వెలికి వచ్చిన నీరు. దాని పేరు బిందుస్రావం. అక్కడ బయటికి వచ్చేది ఆవిరి కాదు, నీరే. అందుకే ఆ పేరులో బాష్పం లేదు.