గల్లా మీద కెమెరా సరే, అన్నం తినే గదిలో ఎందుకు?

ప్రశ్న: సార్, హన్మకొండ చౌరస్తా దగ్గర మాకు బట్టల షాపు ఉంది. తొమ్మిది మంది పనిచేస్తారు, అందులో ఆరుగురు ఆడవాళ్లు. దసరా సీజన్‌లో గల్లాలో రెండుసార్లు లెక్క తగ్గింది. అందుకే ఎనిమిది కెమెరాలు పెట్టిద్దామనుకుంటున్నా. స్టాఫ్ అన్నం తినే గదిలో కూడా ఒకటి, మాటలు వినపడేది పెట్టమని మా బావమరిది అంటున్నాడు. పెట్టొచ్చా? నెల రోజుల రికార్డింగ్‌కు ఎంత హార్డ్ డిస్క్ కావాలి?
- ఒక వ్యాపారి, హన్మకొండ

జవాబు: బావమరిది మాట ఈ ఒక్కసారికి పక్కన పెట్టండి. లెక్క తగ్గింది గల్లా దగ్గర కదా, అన్నం గిన్నెల దగ్గర కాదు. చాలా షాపుల్లో కెమెరాను ఏదో మూలకు బిగించి వదిలేస్తారు, తీరా తేడా వచ్చిన రోజు చూస్తే తలకాయలు తప్ప నోట్లు కనపడవు. గల్లాకు నేరుగా పైన ఒకటి పెట్టించండి, చెయ్యి, నోటు, బిల్లు మూడూ కనపడాలి. గుమ్మం, స్టాకు గది, చీరల కౌంటర్లు కలిపి ఐదు చాలు, ఎనిమిది అక్కర్లేదు.

ట్రయల్ రూమ్ వైపు తిరిగే కెమెరా ఉంటే పరదా జరిగినా లోపల కనపడకూడదు. డీవీఆర్ (రికార్డింగ్ దాచే పెట్టె) సెట్టింగ్స్‌లో ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది, ఆ భాగం మీద నల్లటి పట్టీ గీస్తే రికార్డింగ్‌లో కూడా అది నల్లగానే ఉంటుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, ఒప్పుకోలు లేకుండా ఎవరి ఒంటినైనా అలా చిత్రీకరిస్తే ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. ఇక ఆడియో, మెనూలోకి వెళ్లి ఆఫ్ చేసేయండి. పని మధ్యలో ఇంటి గోడు చెప్పుకునే మాటలు విని మీరు పట్టుకునే దొంగ ఎవరూ ఉండరు.

హార్డ్ డిస్క్ లెక్క: 2 మెగాపిక్సెల్ కెమెరా 2 ఎంబీపీఎస్ బిట్‌రేట్ (సెకనుకు రికార్డయ్యే డేటా) దగ్గర రోజుకు దాదాపు 21 జీబీ తింటుంది. ఐదింటికి నెలకు 3 టీబీ దాటుతుంది కాబట్టి 4 టీబీ తీసుకోండి. వీడియోను తక్కువ చోటులో కుదించే హెచ్.265 పద్ధతి పెట్టి బిట్‌రేట్ సగానికి తగ్గిస్తే 2 టీబీ సరిపోతుంది. అన్నట్టు ఒకేసారి 100 మంది గానీ రోజుకు 500 మంది గానీ వచ్చే చోట్ల కెమెరాలు పెట్టి, రికార్డింగ్ 30 రోజులు దాచాలని 2013 నాటి ప్రజా భద్రతా చట్టం చెబుతుంది. బతుకమ్మ రోజుల్లో మీ షాపు రద్దీ మీకే తెలుసు.

మీరు అడగనిది ఒకటి చెప్తా. ఫిట్టింగ్‌కు వచ్చిన కుర్రాడు కెమెరాలు చూసే యాప్‌ను తన ఫోన్‌లో, తన అకౌంట్‌తోనే తెరిచి చూపిస్తాడు. పని అయ్యాక దాన్ని తీయించకపోతే మీ షాపు అతని ఇంట్లో కూడా కనపడుతూనే ఉంటుంది. యాప్ మీ నంబరు మీద ఉండాలి, డీవీఆర్ పాస్‌వర్డ్ అతని ముందు కాకుండా, అతను వెళ్లిపోయాక మార్చండి. బావమరిదికి చూడటానికి మాత్రమే వీలుండే యూజర్ ఇవ్వండి, అసలు ఇవ్వకపోయినా నష్టం లేదు.

గోడకు డ్రిల్ పెట్టకముందే ఆ తొమ్మిది మందినీ పిలిచి ఏ కెమెరా ఎటు చూస్తుందో, ఎవరు చూస్తారో, ఎన్ని రోజులుంటుందో చెప్పండి, అదే ముక్క తెలుగులో రాసి గుమ్మం దగ్గర అంటించండి. బిగించాక మానిటర్ కూడా ఒకసారి వాళ్లకే చూపించండి, ట్రయల్ రూమ్ ఎక్కడి నుంచి కనపడుతుందో మీకంటే ముందు వాళ్లే పట్టుకుంటారు.