వేటవిడిది క్లబ్బుగా మారిన వైనం

ప్రశ్న: అయ్యా, 2022 సంక్రాంతి రోజుల్లో అగ్నికి ఆహుతైన సికింద్రాబాద్ క్లబ్ భవనం వారసత్వ కట్టడమని చదివాను. సభ్యులకే పరిమితమైన ప్రైవేటు క్లబ్బుకు ఆ గుర్తింపు ఎందుకు? దాని పూర్వాపరాలు తెలుపగలరు. సికింద్రాబాద్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ఆవరణ చూడవచ్చునా?
— ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: ఆ గుర్తింపు కట్టడానికే గాని క్లబ్బుకు కాదు. అసలు ఆ భవనం క్లబ్బు కోసం కట్టినదే కాదు. హైదరాబాద్ దివానుగా మూడు దశాబ్దాలు చక్రం తిప్పిన మొదటి సాలార్ జంగ్ వేటవిడిది అది. 1798 సంధితో నిజాం రాజ్యంలో తిష్ఠ వేసిన ఆంగ్ల సైన్యం కోసం ఏర్పడిన కంటోన్మెంటుకు నాటి నిజాం సికందర్ జా పేరు పెట్టగా, అక్కడి సైనికాధికారులు 1878లో తమ కాలక్షేపానికి ఈ క్లబ్బును నెలకొల్పుకున్నారు. సాలార్ జంగ్ వేటవిడిది తర్వాత ఈ క్లబ్బు చేతికి వచ్చింది. పబ్లిక్ రూమ్స్, గారిసన్ క్లబ్, జింఖానా, యునైటెడ్ సర్వీసెస్ క్లబ్ అంటూ పేర్లు మారుతూ వచ్చి, 1903లో సికింద్రాబాద్ క్లబ్ అన్న పేరు స్థిరపడింది. సైనికాధికారుల క్లబ్బు కాస్తా ఊరి పెద్దల క్లబ్బుగా మారిన క్రమం ఆ పేర్లలోనే కనిపిస్తుంది.

గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలోదే గనుక, ఒకప్పుడు మీ రాష్ట్రానిదే అయిన ఊటీ క్లబ్బును కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1841లో ఏర్పడిన ఆ క్లబ్బు ఉన్న భవనాన్ని అంతకు పదేళ్ల ముందు సర్ విలియం రంబోల్డ్ హోటలుగా కట్టించాడు. ఆయన ఎవరనుకున్నారు? నిజాం సర్కారుకు అప్పులిచ్చి రచ్చకెక్కిన హైదరాబాద్ పామర్ కంపెనీలో భాగస్వామి! స్నూకర్ నియమాలు స్థిరపడిన చోటుగా ఆ భవనానికి పేరు వచ్చింది గాని, దాని పునాదుల కథే నాకు మరింత ఆసక్తికరం.

ఇక చట్టం సంగతి. హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) జోనింగ్ నిబంధనల్లో 1995లో చేర్చిన 13వ నిబంధన, యజమాని ప్రభుత్వమైనా ప్రైవేటు వ్యక్తి అయినా, జాబితాకెక్కిన కట్టడాన్ని అనుమతి లేకుండా కూల్చరాదనీ మార్చరాదనీ కట్టడి చేసింది. 2015లో దాన్ని తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఇవన్నీ గునపానికి అడ్డుపడగలవే గాని నిప్పుకు కాదు. 2022 జనవరి 16 తెల్లవారుజామున చెక్కపని ఎక్కువగా ఉన్న ఆ పాత భవనాన్ని మంటలు ఇట్టే చుట్టేశాయి. ప్రాణనష్టం మాత్రం జరగలేదు.

వారసత్వ గుర్తింపు వల్ల బయటివారికి ప్రవేశహక్కు రాదు. మీ అబ్బాయికి తెలిసిన సభ్యులెవరైనా ఉంటే, వారి అతిథిగా వెళ్లడమే మార్గం.