ఎల్‌డీహెచ్ గ్రాఫ్ ఫ్లాట్‌గా వస్తుందా?

తమ్ముడూ, ఎల్‌డీహెచ్ (పైరువేట్‌ని లాక్టేట్‌గా మార్చే ఎంజైమ్) కొలవడానికి ఎలక లివర్ హోమోజినేట్ (బఫర్‌లో నూరిన లివర్) వేస్తే 340 నానోమీటర్ల దగ్గర మొదటి అబ్సార్బెన్స్ రీడింగే 0.2 ఉండి తర్వాత కదలట్లేదన్నావు కదా, ఎంజైమ్ చచ్చిపోలా, ఎక్కువైంది అంతే. 0.15 మిల్లీమోలార్ ఎన్ఏడీహెచ్ (ఈ రియాక్షన్‌లో ఖర్చయ్యేది, 340 దగ్గర కాంతిని పీల్చేది) వేశానంటున్నావు, 1 సెంటీమీటర్ క్యువెట్‌లో దానికి దాదాపు 0.93 రావాలి, అంటే నువ్వు కలిపి మూత వేసేలోపే సగానికి పైగా అయిపోయింది, మరి స్లోప్ ఎక్కణ్ణుంచి వస్తుంది. హోమోజినేట్‌ని చల్లటి బఫర్‌లో 50 రెట్లు, 100 రెట్లు, 200 రెట్లు డైల్యూట్ చేసి చూడు, మొదటి నిమిషం గీత తిన్నగా దిగేదే తీసుకో. శాంపిల్ సగం చేస్తే రేటూ సగమవ్వాలి, అవకపోతే ఆ నంబర్ నమ్మొద్దు. పైరువేట్ లేకుండా బ్లాంక్ పెట్టి, దాని రేటు అసలు రేటులోంచి తీసెయ్.

లెక్కకి, నిమిషానికి తగ్గిన అబ్సార్బెన్స్‌ని 6.22తో (1 మిల్లీమోలార్ ఎన్ఏడీహెచ్‌కి 1 సెంటీమీటర్‌లో వచ్చే అబ్సార్బెన్స్) భాగించి, మొత్తం వాల్యూమ్ బై శాంపిల్ వాల్యూమ్‌తోనూ డైల్యూషన్‌తోనూ గుణిస్తే మిల్లీలీటర్‌కి యూనిట్లు, దాన్ని మిల్లీలీటర్‌లోని ప్రోటీన్ మిల్లీగ్రాములతో భాగిస్తే స్పెసిఫిక్ యాక్టివిటీ.

ఇంకోటి, గుంటూరు మే నెల ఎండలో ఏసీ పోయినప్పుడు రూమ్ టెంపరేచర్ అని రాసేస్తే పనికిరాదు, వాటర్‌బాత్‌తో 25 గానీ 37 గానీ డిగ్రీలు ఒకటే పట్టుకో. లివర్‌లో రక్తం మిగలకుండా చల్లటి సెలైన్‌తో బాగా కడుగు, ఎర్ర కణాల్లో కూడా ఎల్‌డీహెచ్ దండిగా ఉంటుంది.